రాత్రికి రాత్రి పచ్చబడ్డ మూల

తెల్లవారుజామున అయిదున్నరకు బాబాయ్ ఫోన్ చేశాడంటే నాకు ముందు గుర్తొచ్చేది చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేప చావడం. చేపల చెరువులున్న ఇళ్ళలో ఆ వేళకు మోగే ఫోనుకు వేరే అర్థం ఉండదు. ఆ రోజు మాత్రం ఆయన "చేప తేలింది" అనలేదు. "అమ్మాయ్, రాత్రి ఎవడో మన చెరువులో మందు కలిపాడు. నువ్వొచ్చి చూడు, తర్వాత స్టేషనుకెళ్తా" అన్నాడు.

"ఎవడో" అంటే ఎవరో మా ఇంట్లో అందరికీ తెలుసు. తూర్పు గట్టుకు అవతలి చెరువాయన. కాలవ నీళ్ళు తోడుకునే దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచీ మా బాబాయ్ చెరువులో చేప తుమ్మినా ఆయన ఖాతాలోకే వెళ్తుంది.

నేను ఎమ్మెస్సీ బోటనీ చదివి, పద్నాలుగేళ్ళుగా కైకలూరులో ఆక్వా ల్యాబు నడుపుతున్నాను. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఎరువుల కొట్టు మీద ఒక గది, ఒక మైక్రోస్కోపు, నీటి పరీక్షల కిట్లు, రైతులు నీళ్ళు పట్టుకొచ్చే థమ్సప్ సీసాల వరస. ఎన్ని వందల చెరువుల నీళ్ళు చూసినా మా ఇంటి చెరువు విషయంలో నన్ను ఎవరూ అడగరు. బాబాయ్‌కి నేనింకా అమ్మాయినే. అందుకే "నువ్వొచ్చి చూడు" అనగానే స్కూటీ తీశాను.

వెళ్ళి చూస్తే ఆయన భయపడటంలో తప్పేం లేదనిపించింది. పదెకరాల చెరువులో తొమ్మిదిన్నర ఎకరాలు మామూలుగానే ఉంది. తూర్పు గట్టు మూల మాత్రం ఎవరో డ్రమ్ములతో పచ్చ పెయింటు తెచ్చి పోసినట్టుంది. దగ్గరకెళితే కోసిన గడ్డి ముక్కిపోయిన వాసన. కర్ర ముంచి తీస్తే జిగురుగా అంటుకోలేదు, పోగులుగా వేలాడలేదు, తడి పెయింటులాగే కారింది. అంటే దారపు నాచు కాదు. పైగా సరిగ్గా ఆ పక్కచెరువాయన గట్టు వైపే. "నిన్న సాయంత్రం మేత సంచులు కట్టేటప్పుడు కూడా నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. రాత్రికి రాత్రి ఇంత ఎట్టా పెరుగుద్ది? నువ్వే చెప్పు" అన్నాడు బాబాయ్.

నిజానికి మంచి ప్రశ్న. జవాబు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పెరగలేదు, తేలింది. ఆ ఒక్క ముక్క ఆయన చేత నమ్మించడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది.

ముందు డీవో మీటరు, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది, ముంచాను. లీటరుకు రెండు మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. బొచ్చె చేపలు పడమటి వైపు చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు వేయించి, ఇంజిను పెట్టి నీళ్ళు తిప్పమని చెప్పి, మూలనున్న తెట్టు ఒక సీసాలో పట్టుకుని ఇంటి వసారాలో కూర్చున్నాను. మామూలు మైక్రోస్కోపు కాక చిన్నదొకటి స్కూటీ డిక్కీలో ఉంటుంది. చుక్క వేసి చూస్తే అనుమానం తీరిపోయింది. మైక్రోస్కోపు కింద మైక్రోసిస్టిస్ అనే ఈ సూక్ష్మజీవిని ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ పొరబడరు. జిగురు ముద్దలో వందల కణాలు గుంపుగా ఉంటాయి. ఒక్కో కణం మిల్లీమీటరులో రెండువందల వంతు. కణం కణంలో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. మా కాలం పుస్తకాల్లో వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలు అనేవాళ్ళు. ఇప్పుడు సయనోబ్యాక్టీరియా అంటున్నారు, ఎందుకంటే ఇవి మొక్కల జాతి కాదు, బ్యాక్టీరియా జాతి.

ఆ నల్లచుక్కల దగ్గరే కథంతా ఉంది. అవి మచ్చలు కాదు, గాలి. సయనోబ్యాక్టీరియా కణం లోపల ప్రోటీనుతో కట్టుకున్న గాలి తిత్తులుంటాయి. గోడ మందం రెండు నానోమీటర్లు. ఆ గోడ నీటిని లోపలికి రానివ్వదు, గాలిని మాత్రం అటూఇటూ పోనిస్తుంది. బుడగలాగా ఊదితే ఉబ్బేది కాదు. ఖాళీ డబ్బా లాంటిది. జర్మనీలో హైన్రిష్ క్లేబాన్ అనే ఆయన 1895లోనే ఈ చుక్కలు గ్యాసు అని చెప్పాడు. 1965లో బోవెన్, జెన్సెన్ అనే ఇద్దరు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే రెండు చివరలా మొన తేలిన చిన్న చిన్న గొట్టాలు కట్టలు కట్టలుగా కనపడ్డాయి.

ఆ కాలంలో ఇవి గ్యాసే అని తేల్చడానికి వాడిన పద్ధతి నాకు భలే ఇష్టం. సీసా నిండా పచ్చనీళ్ళు పోసి, గాలి మిగలకుండా బిరడా బిగించి, బిరడా మీద సుత్తితో ఒక్కటి వేయడం. ఆ ఒత్తిడికి తిత్తులన్నీ నలిగిపోతాయి. తేలేది కాస్తా మునుగుతుంది. అంతే ప్రయోగం. ఇప్పటి జనం దీనికి లక్షల రూపాయల మెషిన్ అడుగుతారు.

సుత్తి, బిరడా మా వసారాలో లేవు. సిరంజి ఉంది. రెండు మిల్లీలీటర్లది, నేను పరీక్షలకు వాడేది. "బాబాయ్, ఇటు చూడు" అని తెట్టును కొంచెం నీళ్ళతో కలిపి సిరంజిలోకి లాగాను. గాలి బయటకు తోసేసి, మూతి వేలితో నొక్కి పట్టి, ఇంకో చేతి బొటనవేలితో ప్లంజరును గట్టిగా అదిమాను. సిరంజి సన్నగా ఉంటే బొటనవేలి బలమే ఏడెనిమిది రెట్ల గాలి పీడనం ఇస్తుంది. పాలు కలిపినట్టు తెల్లగా, చిక్కగా ఉన్న పచ్చనీళ్ళు చూస్తుండగానే ముదురురంగుకు తిరిగి లోపలి వెలుతురు కనపడేలా అయ్యాయి. మా బాబాయ్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

పిన్ని టీ గ్లాసులు రెండు తీసుకుని ఒకదాంట్లో నొక్కిన నీళ్ళు, ఒకదాంట్లో నొక్కనివి పోశాను. కాసేపటికి నొక్కనిది పైకి చేరి మూతలాగా కట్టింది. నొక్కింది అడుగున కూర్చుంది. "ఒకటే నీళ్ళు, ఒకటే జాతి. తిత్తి ఉంటే పైకి, తిత్తి నలిగితే కిందకి" అన్నాను. పిన్ని వచ్చి గ్లాసుల వంక చూసి, "ఇవింక నేను వాడను, నువ్వే పట్టుకుపో" అంది. ఆ మాట సరైనదే, కారణం తర్వాత చెప్తాను.

బాబాయ్ మాత్రం వదల్లేదు. "తేలుద్ది, సరే. రాత్రే ఎందుకు తేలింది? నిన్నెందుకు తేల్లేదు?"

ఇక్కడ ఆ వారం వాతావరణం గుర్తు చేయాలి. అక్టోబరు. మూడు రోజులు ముసురు. సూర్యుడు లేడు, గాలి మాత్రం చెరువును కలిపి కొడుతూనే ఉంది. నాలుగో రాత్రి వాన ఆగింది, ఆకు కదల్లేదు.

ఈ కణాలకు రెండు బరువులుంటాయి. పైకి లాగేది తిత్తి. కిందకి లాగేది పిండి. ఎండ తగిలితే కణం తిండి తయారుచేసుకుని పిండిపదార్థంగా దాచుకుంటుంది, బరువెక్కి దిగుతుంది. చీకట్లో ఆ నిల్వ ఖర్చయి తేలికై పైకొస్తుంది. రోజూ జరిగేదిదే. ముసురు మూడు రోజులూ గాలి వీటిని చెరువు అడుగుదాకా తిప్పింది. ఎండ లేదు కాబట్టి పిండి లేదు. నిల్వ అంతా అరిగి, ఖాళీ డబ్బాల్లాంటి తిత్తులతో సిద్ధంగా ఉన్నాయి. గాలి తిప్పుతున్నంతసేపూ తేలలేకపోయాయి. గాలి ఆగిందో లేదో మొత్తం గుంపులన్నీ ఒకేసారి పైకి బయల్దేరాయి. 1975లో కోలిన్ రేనాల్డ్స్, ఆంథొనీ వాల్స్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు తెట్టు కట్టడానికి మూడు కావాలని రాశారు. నీళ్ళలో ముందునుంచీ గుంపులు ఉండాలి, వాటికి తేలే గుణం ఉండాలి, నీళ్ళు నిశ్చలంగా ఉండాలి. ఈ మూడింటిలో ఆ రాత్రి కొత్తగా వచ్చింది మూడోది ఒక్కటే.

మిగతా పచ్చజాతులు, చేపకు పనికొచ్చేవి, గాలి వీచకపోతే మునిగిపోతాయి. వాటికి తిత్తులు లేవు. ప్రశాంతమైన రాత్రులు సయనోబ్యాక్టీరియాకే కలిసొస్తాయి.

గుంపు సైజుకు కూడా లెక్కుంది. ఒంటరి కణమైతే పగలూ రాత్రీ తేలినా రెండు మూడు సెంటీమీటర్లు వస్తే గొప్ప. గుంపు అడ్డం రెట్టింపైతే వేగం నాలుగింతలు. ఒక్కో గుంపు కంటికి రవ్వ గింజలా కనపడేంత పెద్దదైతే, మన చెరువులాంటి అయిదడుగుల లోతు అది తెల్లారేలోపే దాటేస్తుంది.

ఈ మాట చెప్తుంటే పిన్ని వంటింట్లోంచి, "మీగడ లాగానా?" అంది. ఇన్నేళ్ళుగా రైతులకు చెప్తున్నాను, నాకెప్పుడూ తట్టలేదు. సరిగ్గా మీగడే! పొద్దున్నే పాలగిన్నె మీద మీగడ చూసి ఇది రాత్రి పుట్టిందని ఎవరూ అనరు కదా.

బాబాయ్ లెక్కల మనిషి. మేత బస్తాల లెక్క తప్పితే ఊరుకోడు. అందుకని కాగితం మీద వేసి చూపించాను. అయిదడుగులంటే అరవై అంగుళాలు. అరవై అంగుళాల్లో పరుచుకున్నది అరంగుళంలోకి చేరితే నూట ఇరవై రెట్లు చిక్కన. పదెకరాల మీద తేలిందాన్ని తెల్లవారుజాము పడమటి గాలి మెల్లగా అరెకరం మూలకు నెడితే మరో ఇరవై రెట్లు. గుణిస్తే రెండువేల నాలుగువందల రెట్లు. ఇందులో సగమే తేలిందనుకున్నా పన్నెండువందలు. ఒక్క కణం కొత్తగా పుట్టకుండానే.

"ఇది పెరిగిందే అనుకుందాం. మైక్రోసిస్టిస్ రెట్టింపవడానికి మన ఎండల్లో కూడా అటూఇటుగా రెండు రోజులు. వెయ్యి రెట్లు కావాలంటే పదిసార్లు రెట్టింపవ్వాలి. మూడు వారాలు పడుద్ది బాబాయ్. ఒక్క రాత్రిలో వీలుకాదు. ఆయన మందేసినా వీలుకాదు."

ఆయన కాగితం వంక చాలాసేపు చూశాడు. తర్వాత అడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది. "అంటే మూడు వారాలుగా నా చెరువులోనే ఉందా ఇది?"

ఉంది. మా బాబాయ్ మురిసిపోతూ "నీళ్ళు మంచి రంగు కట్టాయి" అని అందరికీ చెప్పుకున్న రంగులోనే ఉంది. మా ప్రాంతంలో పచ్చనీళ్ళంటే చేపకు మేత. ఆ రంగు కోసమే కోళ్ళ ఎరువు వేస్తాం, సూపర్ ఫాస్ఫేట్ వేస్తాం, పైన నూనె తీసిన తవుడు సంచుల్లో కడతాం. చేప తినగా మిగిలిన తవుడూ, చేప విసర్జించిందీ అడుగున చేరుతుంది. ఎక్కువైతే ఏమవుతుందో కెనడాలో డేవిడ్ షిండ్లర్ అనే ఆయన 1973లో ఒక సరస్సునే నడుముకు ప్లాస్టిక్ తెర కట్టి రెండు చేసి చూపించాడు. ఆ సరస్సుకు పేరు లేదు, నంబరే. 226. ఒక వైపు కార్బన్, నత్రజని వేశారు. రెండో వైపు వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా. విమానంలోంచి తీసిన ఫోటోలో ఫాస్ఫరస్ వైపు పచ్చగా, తెరకు ఇటువైపు నల్లటి నీళ్ళతో మామూలుగా ఉంటుంది. ఆ ఫోటో నా ల్యాబు గోడ మీద ఉంది. చూసిన ప్రతి రైతూ పచ్చగా ఉన్న సగాన్నే చూపించి "ఇది బాగుంది" అంటాడు. వాళ్ళననలేను.

పది గంటలకు పనివాడు మోటార్ సైకిల్ మీద రెండు మూటలు తెచ్చాడు. మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. మందుల కొట్టు వాళ్ళకు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాడట బాబాయ్. "ఇది కొడితే సాయంత్రానికి పోతుందన్నారు."

పోతుంది, నిజమే. రాగి తగిలితే కణాలు చస్తాయి. చచ్చినవి కుళ్ళేటప్పుడు, అప్పటికే రెండు దగ్గరున్న ఆక్సిజన్ను అవే తినేస్తాయి. మిగిలేది తేలిన చేప. ఇంకో సంగతి, బతికున్నప్పుడు కణం లోపల మూసి ఉంచిన విషం పగిలి నీళ్ళలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో పామ్ ఐలండ్ అనే దీవిలో 1979లో ఇలాగే జరిగింది. తాగునీటి చెరువులో సయనోబ్యాక్టీరియా పెరిగి నీళ్ళ రుచి, వాసన పాడయ్యాయని మైలుతుత్తం వేశారు. కొద్ది రోజుల్లో దాదాపు నూట యాభై మంది ఆసుపత్రి పాలయ్యారు. చాలామంది పిల్లలు. కాలేయం దెబ్బతింది. అక్కడున్నది మైక్రోసిస్టిస్ కాదు, ఇంకో రకం సయనోబ్యాక్టీరియా. మూటలు వెనక్కి పంపించాను. బాబాయ్ మొహం చిన్నబోయింది, డబ్బు గురించి.

పిన్ని గ్లాసుల సంగతి ఇదే. మైక్రోసిస్టిస్ చేసే విషాన్ని మైక్రోసిస్టిన్ అంటారు. ఎప్పుడూ చేస్తుందని లేదు, కంటికి చూసి చెప్పలేం, కాబట్టి చేస్తుందనుకునే మసలుకోవాలి. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న హద్దు. మా తమ్ముడు, అంటే బాబాయ్ కొడుకు, 2014లో అమెరికాలో టొలీడోలో ఎమ్మెస్ చదివేవాడు. ఆ ఏడు ఆగస్టు 2న నగరమంతా కుళాయి నీళ్ళు తాగొద్దన్నారు. నాలుగు లక్షలమందికి పైనే. ఈరీ సరస్సులో ఇదే మైక్రోసిస్టిస్. మూడో రోజు దాకా ఎత్తలేదు ఆ ఆంక్ష. వాడు ఫోన్ చేస్తే పిన్ని "కాచి తాగరా" అంది, అలవాటు కొద్దీ. కాచకూడదు. మైక్రోసిస్టిన్ కాచితే పోదు, నీళ్ళు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే పిన్ని ఆ సంగతి తీసి, "కాచినా పోనిది అదొక్కటే" అంటుంది. అదొక్కటే కాదనుకోండి.

గేదెను ఆ మూల నీళ్ళకు పోనివ్వకుండా కట్టేయించాను. 1878లోనే ఆస్ట్రేలియాలో జార్జ్ ఫ్రాన్సిస్ అనే ఆయన ఒక సరస్సు గురించి రాశాడు. పచ్చటి ఆయిల్ పెయింటులా, అంగుళాల మందాన తెట్టు కట్టిన నీళ్ళు తాగి పశువులూ గొర్రెలూ చనిపోయాయని. అక్కడా తెట్టును గాలి ఒడ్డుకు నెట్టిన చోటే. పశువు దిగి తాగేది ఒడ్డునే కదా.

మిగతాది మొరటు పని. పాత నైలాన్ చీరలు రెండు కుట్టి, చేతులకు గ్లౌజులు వేసుకుని, పనివాళ్ళు మూలనున్న తెట్టును ఒడ్డుకు లాగి, పశువులు పోని చోట గొయ్యి తీసి పూడ్చారు. కర్రలూ చీరలూ అక్కడే వదిలేశాం. మేత నాలుగు రోజులు ఆపాం. కాలవ నుంచి నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చాం. రాత్రుళ్ళు ఏరియేటర్లు వదలకుండా తిప్పాం, కరెంటు బిల్లు గురించి ఈ పోస్టులో రాయను. చేప కొంత పోయింది. ఎక్కువ పోలేదు.

మూడో రోజు పొద్దున్నే పిన్ని ఫోన్. మూల అంచున నీలం రంగు తేలిందని, ఈసారి ఎవడో నీలిమందు కలిపాడని బాబాయ్ మళ్ళీ మొదలెట్టాడని. లాగగా మిగిలిపోయిన తెట్టు ఎండకు చస్తే పచ్చరంగు ముందు పోతుంది, కణాల్లోంచి ఫైకోసయనిన్ అనే నీలిరంగు బయటకు కారుతుంది. పేరులోని నీలి అదే. ఫోటో పంపమన్నాను. నిజంగానే బట్టలకు పెట్టే నీలిమందు రంగు. ఏమాటకామాటే, అందంగా ఉంది.

అయిదో రోజు గాలి వీచింది. తెట్టు కనపడలేదు. "పోయిందమ్మా" అన్నాడు బాబాయ్ సంతోషంగా. గాలికి కలిసిపోయిందంతే, గాలి ఆగితే మళ్ళీ చూడాలి అన్నాను. ఆయన కొంచెం నిట్టూర్చి, ఆ చిన్న సిరంజిలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

ఆ మరుసటి వారం ల్యాబు తలుపు తీస్తుంటే మెట్ల మీద ఆ పక్కచెరువాయన నిలబడి ఉన్నాడు. నా దగ్గరకు ఆయన రావడం అదే మొదలు. చేతిలో రెండు లీటర్ల సీసా, లోపల పచ్చనీళ్ళు. కాసేపు అటూఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏమనుకోకమ్మా, మీ బాబాయ్ గారు మా చెరువులో ఏమన్నా కలిపించారా?" అన్నాడు.

సీసా తీసుకుని, మూత బిగించి, కిటికీ గట్టు మీద కదపకుండా పెట్టాను. రేపు పొద్దున రండి బాబాయ్ గారూ, అన్నాను. ఒక చిన్న సిరంజి బయటకు తీసి పక్కన ఉంచాను.